ఆన్‌లైన్ జర్నల్ క్లబ్: హాజరు పట్టీలో ఉన్నవారు, నిజంగా వాడుకుంటున్నవారు

నెల్లూరు, ఒంగోలు వైద్య కళాశాలల అధ్యాపకులు కొందరు, పదవీ విరమణ చేసిన ఒకరిద్దరు పెద్దలు కలిసి, ఆరోగ్య పరిశోధనను చదివి నిగ్గు తేల్చడం నేర్పడానికి నడుపుతున్న ఒక ఆన్‌లైన్ జర్నల్ క్లబ్ గురించి ఈ సమీక్ష. దీని వెనుక సంస్థ ఏదీ లేదు, రుసుము లేదు, మందుల కంపెనీల ప్రకటనలు లేవు. సొంత సమయం పెట్టి చేస్తున్న పని కాబట్టి నిర్వాహకుల పేర్లూ క్లబ్ పేరూ ఇక్కడ రాయడం లేదు; ఈ రెండు జిల్లాల్లో వైద్యంలోనో నర్సింగులోనో ఉన్నవారికి దాని లింకు వాట్సాప్‌లో ఎప్పుడో ఒకసారి చేరే ఉంటుంది. ఒంగోలులో నర్సింగ్ విద్యార్థులకు పరిశోధన, గణాంకాలు బోధించే ఉద్యోగం నాది. విద్యార్థులను దీనికి పంపవచ్చా లేదా అన్నది తేల్చుకోవడానికి చేరి, ఆ తరువాత నా ఆసక్తి కొద్దీ కొనసాగుతున్నాను.

పక్షానికొకసారి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు జూమ్‌లో సమావేశం మొదలవుతుంది. చదవవలసిన పరిశోధనా వ్యాసం ఏదో వారం ముందే చెబుతారు, దానితోపాటు ఒకే పేజీలో కొన్ని ప్రశ్నలు పంపుతారు. ఒక పీజీ విద్యార్థి ఇరవై నిమిషాల్లో వ్యాసాన్ని పరిచయం చేశాక, కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులొకరు చర్చ నడుపుతారు. స్లైడ్లు ఇంగ్లీషులో ఉంటాయి, చర్చ చాలావరకు తెలుగులో సాగుతుంది. ప్రశ్నల పేజీని, పరిశోధనను విమర్శతో చదవడం నేర్పడానికి 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన క్యాస్ప్ కార్యక్రమం తయారుచేసిన తనిఖీ జాబితాల తరహాలో కూర్చారు: అధ్యయనం అడిగిన ప్రశ్న స్పష్టంగా ఉందా, రోగులను రెండు వర్గాలుగా పంచిన తీరు సరైనదేనా, మధ్యలో తప్పుకున్నవారి లెక్క చెప్పారా, ఫలితం ఎంత పెద్దది, అది మన దగ్గరకు వచ్చే రోగులకు వర్తిస్తుందా. ఈ ఒక్క పేజీ కోసమైనా క్లబ్‌లో చేరవచ్చునని నా అభిప్రాయం. పరిశోధనా వ్యాసాన్ని సారాంశంతో మొదలుపెట్టి సారాంశంతోనే ముగించే అలవాటు మన కళాశాలల్లో బాగా ముదిరింది. ఈ పేజీ ముందు పెట్టుకుంటే పద్ధతుల విభాగం చదవక తప్పదు.

ఇటీవల నిర్వాహకులు ఏడాది నివేదిక ఒకటి గ్రూపులో పెట్టారు. తమ క్లబ్‌ను ప్రధానంగా వాడుకుంటున్నది పీజీ విద్యార్థులు, అధ్యాపకులేనని, కాబట్టి ఇకపై వ్యాసాల ఎంపికను వారి థీసిస్ అవసరాలకు మరింత దగ్గరగా తెస్తామని అందులో ఉంది. మిగతా నివేదిక మీద నాకు పేచీ లేదు కానీ, ఈ ఒక్క నిర్ధారణ సరైనది కాదు. నమోదు చేసుకున్నవారు వేరు, హాజరైనవారు వేరు, విన్నవారు వేరు, విన్నదాన్ని పనిలో పెట్టుకున్నవారు వేరు. నివేదిక మొదటి రెండింటినే లెక్కపెట్టింది.

హాజరు లెక్క ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. సమావేశం చివరి పది నిమిషాల్లో చాట్‌లో ఒక ఫారం లింకు పడుతుంది. దాన్ని నింపినవారికే సర్టిఫికెట్. లింకు పడే వేళ దగ్గరపడుతున్నకొద్దీ తెరమీద పేర్లు ఒక్కసారిగా పెరుగుతాయి, లింకు పడిన రెండు నిమిషాలకు అంత వేగంగానూ తరిగిపోతాయి. దీన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. పీజీ పాఠ్యక్రమంలో జర్నల్ క్లబ్ తప్పనిసరి అంశం, లాగ్‌బుక్‌లో సంతకాలు కావాలి; రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే వైద్యులకు అయిదేళ్లకు 30 గంటల నిరంతర వైద్య విద్య చూపించాలన్న నియమం ఉంది. పగలంతా వార్డులో నిలబడి, రాత్రికి థీసిస్ డేటా ఎక్సెల్‌లో ఎక్కిస్తున్న కుర్రవాడు సర్టిఫికెట్ కోసం రెండు నిమిషాలు తొంగిచూస్తే అది అతని దోషమని నేను అనను. అయితే ఆ రెండు నిమిషాల మనిషిని వాడకందారుల జాబితాలో పూర్తి మనిషిగా లెక్కవేయడం, గణాంకాలు నేర్పే క్లబ్ చేయవలసిన పని కాదు.

నమోదు ఫారం సంగతి మరొకటి. వృత్తి అన్న గడిలో నాలుగే ఎంపికలున్నాయి: పీజీ విద్యార్థి, అధ్యాపకులు, ప్రాక్టీసు చేస్తున్న వైద్యులు, ఇతరులు. ఈ చివరి మాట కింద ఎవరెవరు ఉన్నారో నిర్వాహకులకు తెలియదు, ఎందుకంటే అడగలేదు. నాకు కొంతవరకు తెలుసు, ఎందుకంటే వారిలో నా పాత విద్యార్థులున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల స్టాఫ్ నర్సులు, పల్లెల్లో విలేజ్ క్లినిక్‌లు చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీలు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు), ఫార్మసిస్టులు, ఫార్మ్-డి చదువుతున్న పిల్లలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఒక పశువైద్యుడు, ఆరోగ్య వార్తలు రాసే ఒక విలేకరి, వీరందరూ ఆ ఒక్క గడిలోనే ఉన్నారు. నా పరిశీలనలో క్లబ్‌ను అన్నిటికన్నా గట్టిగా వాడుకుంటున్నది ఈ ఇతరులే.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఈ-మోటివ్ ట్రయల్ మీద జరిగిన సమావేశాన్ని ఉదాహరణగా చూపిస్తాను. కాన్పు తరువాత రక్తస్రావాన్ని త్వరగా గుర్తించి, చేయవలసిన చికిత్సలన్నీ ఒకదాని తరువాత ఒకటిగా కాక ఒకేసారి మొదలుపెడితే ఏమవుతుందన్నది ఆ అధ్యయనం ప్రశ్న. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆసుపత్రులు, 2,10,132 మంది సాధారణ కాన్పు అయిన తల్లులు. లాటరీ వేసింది తల్లులకు కాదు, ఆసుపత్రులకు. ఒక వర్గం ఆసుపత్రుల్లో కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్‌ను, అంటే కారే రక్తాన్ని పట్టే షీటును, తల్లి కింద పరిచి, కారిన రక్తం గీత దాటగానే గర్భాశయ మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్ మందులు, సెలైన్, పరీక్ష అన్నీ మొదలుపెట్టారు. రెండో వర్గంలో మామూలు పద్ధతి. తీవ్రమైన రక్తస్రావం, దానికోసం కడుపు కోయవలసి రావడం, దానివల్ల మరణం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగినవారు మొదటి వర్గంలో 1.6 శాతం, రెండో వర్గంలో 4.3 శాతం.

వ్యాసాన్ని సమర్పించిన పీజీ విద్యార్థిని ఫలితం అరవై శాతం తగ్గిందని చెప్పి తరువాతి స్లైడుకు వెళ్లబోయింది. చర్చ నడుపుతున్న సార్ ఆపి, "అరవై శాతం దేంట్లోనమ్మా?" అని అడిగారు. 4.3 నుంచి 1.6కు దిగడమంటే పోల్చి చూస్తే అరవై శాతం తగ్గుదలే కానీ, నూరు మంది తల్లులను తీసుకుంటే మూడు కన్నా తక్కువ మందికి తేడా పడిందని, ఒక తల్లికి ఆ ఆపద తప్పించడానికి సుమారు 37 మందికి ఈ పద్ధతి పాటించాలని ఆయన ఆమె చేతనే లెక్క కట్టించారు. ఇంతవరకు ఏ మంచి జర్నల్ క్లబ్‌లోనైనా జరిగేదే.

ఆ తరువాత ఒక సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) లేబర్ రూమ్‌లో పనిచేసే స్టాఫ్ నర్సు మ్యూట్ తీసి మాట్లాడింది. "సార్, కొత్త పద్ధతి పాటించిన చోట రక్తస్రావం కేసుల్లో 93 శాతం గుర్తించారు, మామూలు చోట 51 శాతమే గుర్తించారు అని రాశారు. గుర్తించనేలేదంటే ఆ మిగతా సగం మందికి రక్తస్రావం అయిందని వీళ్లకెలా తెలిసింది?" కాసేపు ఎవరూ పలకలేదు. అధ్యయనం మొత్తం నిలబడేది దీనికి వచ్చే జవాబు మీదనే. మామూలు పద్ధతి పాటించిన ఆసుపత్రుల్లో కూడా గీతలు లేని డ్రేప్ వాడి, పోయిన రక్తాన్ని తరువాత తూకం వేశారు. అందువల్ల ఫలితాన్ని రెండు వర్గాల్లోనూ ఒకే కొలమానంతో లెక్కించగలిగారు, కాన్పు చేసినవారి కంటి అంచనా ఎంత తప్పిందో కూడా ఆ తూకం వల్లనే బయటపడింది. సార్ ఇది వివరించాక ఆమె ఊరుకోలేదు. తమ లేబర్ రూమ్‌లో గుడ్డలు ఎన్ని తడిశాయో చూసి కేస్‌షీట్‌లో అంకె వేస్తామని, ఆ అంకె తాను ఇన్నేళ్లుగా వేస్తున్నదేనని, దాన్ని ఇకపై ఎంతవరకు నమ్మాలని అడిగింది. ఫలితాన్ని ఎలా కొలిచారన్న ప్రశ్న పీజీ పరీక్షల్లో రెండు మార్కులకు వస్తుంది. ఆమెకు అది మర్నాటి డ్యూటీలో ఎదురయ్యే ప్రశ్న. నివేదికలో ఆమె ఇతరుల్లో ఒకరు.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో షార్ట్, ఆయన సహచరులు ప్రచురించిన ఫ్లోరోసిస్ వ్యాసాన్ని తీసుకున్న సమావేశం కూడా ఇలాంటిదే. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి, నడుములు వంగిపోయే జబ్బును మన దేశంలో మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరువే. ఎనభై ఏళ్లు దాటిన ఆ వ్యాసాన్ని ఎంచుకున్న నిర్వాహకుల తెలివికి మెచ్చుకోవాలి. కేసుల వర్ణన నుంచి ఎంతవరకు నిర్ధారించవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంతంవారికి దొరకదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో కీళ్లనొప్పులు ఎక్కువని తేలినంత మాత్రాన, ఒక ఫలానా మనిషి మోకాలి నొప్పికి ఫ్లోరైడే కారణమని చెప్పవచ్చునా అన్న చర్చ చాలాసేపు నడిచింది.

ఆ చర్చను మలుపు తిప్పింది కనిగిరి వైపు పనిచేసే ఒక ఎంఎల్‌హెచ్‌పీ. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది కదా, మరి సర్వే చేసేవారు ఏ నీళ్లను కొలవాలని ఆమె అడిగింది. తన పరిధిలోని ఇళ్లలో తాగడానికి ఆర్‌ఓ ప్లాంటు క్యాను నీళ్లు, అన్నం, పప్పు ఉడకడానికి బోరు నీళ్లు, పొలానికి వెళ్లినవారు తాగేది అక్కడి మోటారు నీళ్లు. ఇంటికొచ్చి "మీరు ఏ నీళ్లు తాగుతారు?" అని అడిగితే అందరూ క్యాను నీళ్లేనని చెబుతారు, బోరు నీళ్ల వాటా లెక్కలోకి రాదు. ఎవరి ఒంట్లోకి ఎంత మోతాదు చేరిందన్నది తప్పుగా వర్గీకరిస్తే ఫలితం ఎటు ఒరుగుతుందో నేను ఏటా తరగతిలో చెప్పే పాఠమే ఇది. అయితే నా దగ్గర ఇంత మంచి ఉదాహరణ అప్పటివరకు లేదు, ఇప్పుడు అదే వాడుతున్నాను.

ఇలాంటివారు ప్రత్యక్ష సమావేశాల్లో తక్కువగా కనిపించడానికి కారణం వేళ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మధ్యాహ్నం డ్యూటీ రాత్రి ఎనిమిదికి ముగుస్తుంది, రాత్రి డ్యూటీ అప్పుడే మొదలవుతుంది. ఎనిమిదిన్నరకు ఒక నర్సు ఛార్జ్ అప్పగించి బస్టాండులో ఉంటుంది, ఇంకొక నర్సు పడకపడకకూ తిరిగి ఛార్జ్ తీసుకుంటూ ఉంటుంది. వీరు రికార్డింగు చూస్తారు. రికార్డింగు ఎన్నిసార్లు చూశారన్న అంకె వస్తుంది కానీ ఎవరు చూశారన్నది రాదు, పైగా దానికి సర్టిఫికెట్ లేదు కాబట్టి నివేదికలో ఆ అంకెకే చోటు దక్కలేదు. సర్టిఫికెట్ రాదని తెలిసీ గంటన్నర రికార్డింగు చూసే మనిషికన్నా నిఖార్సయిన వాడకందారు ఎవరుంటారు?

వ్యాసం పూర్తి పాఠం అందడం ఇంకొక చిక్కు. జర్నల్ క్లబ్‌కు మూలపురుషుడిగా చెప్పుకునే విలియం ఆస్లర్ 1875లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో క్లబ్ పెట్టిన కారణాల్లో ఒకటి, ఒక్కొక్కరూ విడిగా కొనలేని పత్రికలను అందరూ కలిసి కొని పంచుకోవడం. నూటయాభై ఏళ్ల తరువాత కూడా గొడవ అదే. కేంద్ర ప్రభుత్వం 2025 జనవరి నుంచి అమలు చేస్తున్న ఒకే దేశం, ఒకే చందా పథకం కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ప్రభుత్వ వైద్య కళాశాల పీజీకి ఇది వరమే. సీహెచ్‌సీ నర్సు, ప్రైవేటు నర్సింగ్ హోమ్ ఫార్మసిస్టు మాత్రం ఆ సంస్థల గోడల బయటే ఉన్నారు. క్లబ్ పంపే లింకు నొక్కితే వారికి సారాంశం, దాని కింద డాలర్లలో ధర కనిపిస్తాయి. వ్యాసం చదవకుండా ప్రశ్నల పేజీకి జవాబులు వెతకమనడం అన్యాయం. పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరికే వ్యాసాలకే పరిమితమైతే మంచి వ్యాసాలకు కరువేమీ రాదు. నెలలో రెండు సమావేశాల్లో ఒకదాన్నైనా అలా కేటాయించవచ్చు.

క్లబ్ ప్రయోజనాన్ని ఎలా కొలవాలన్నదానికి నిర్వాహకులు కొత్త దారి వెతకనక్కరలేదు. 1988లో జామా పత్రికలో వచ్చిన లింజర్ బృందం అధ్యయనంలో ఇంటర్నులను లాటరీ పద్ధతిన రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గాన్ని జర్నల్ క్లబ్‌కు పంపారు. వారి చదివే అలవాటు మారింది, ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరును పరిశీలించే శాస్త్రం), గణాంకాల జ్ఞానం పెరిగింది, వ్యాసాన్ని విమర్శతో తూచే నేర్పులో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. హాజరు పట్టీ ఈ మూడింటిలో దేన్నీ చెప్పదు. శిక్షణ కార్యక్రమాల మూల్యాంకనానికి కిర్క్‌పాట్రిక్ చెప్పిన నాలుగు మెట్లు, అంటే నచ్చిందా, నేర్చుకున్నారా, పనితీరు మారిందా, ఫలితం మారిందా అన్నవి, ఈ అధ్యాపకులకు కంఠతా వచ్చు. తమ క్లబ్ విషయంలో మాత్రం మొదటి మెట్టు కూడా ఎక్కకుండా గుమ్మంలో తలలు లెక్కపెట్టి ఊరుకున్నారు. రికార్డింగు చివర మూడు ప్రశ్నల చిన్న ఫారం ఒకటి పెడితే, ఎవరు చూశారు, ఏం గ్రహించారు, వార్డులో ఏమైనా మార్చారా అన్నవి ఆర్నెల్లలో తెలిసిపోతాయి.

పీజీలకు ఉపయోగం లేదని నేను అనడం లేదు. వ్యాసాన్ని సమర్పించే పీజీకి దీనికి మించిన శిక్షణ దొరకదు. చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నిర్వహించే బయోమెడికల్ పరిశోధన ప్రాథమిక కోర్సు పీజీలకు తప్పనిసరి. దాన్ని వీడియోలు పరుగెత్తించి పూర్తిచేసినవారికి కూడా, ఒక్కసారి ఇక్కడ వ్యాసం సమర్పించి ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వస్తే ఆ పాఠాలకు అర్థం తెలుస్తుంది. కేవలం వినే పీజీకి అంత లాభం కనిపించలేదు.

మిగతా లోపాలు చిన్నవే. స్లైడ్లను కంప్యూటరు తెరకు తగినట్టు చేస్తున్నారు, చూసేవారిలో చాలామంది చేతిలో ఉన్నది ఫోను. పలు అధ్యయనాల ఫలితాలను పక్కపక్కన చూపే ఫారెస్ట్ ప్లాట్ గీతలు ఫోనులో చీమల బారులా కనిపిస్తాయి. రికార్డింగుల్లో మొదటి పావుగంట "వినపడుతోందా సార్?" అన్న విచారణలతోనే గడిచిపోతుంది, దాన్ని కత్తిరించవచ్చు. పాత సమావేశాలను విషయాలవారీగా వెతికే ఏర్పాటు లేదు. వాట్సాప్ గ్రూపులో నిర్వాహకులు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేకుండా పెట్టారు. శుభోదయాల బెడద తప్పినా, సమావేశం తరువాత పుట్టే ప్రశ్నలకు చోటు లేకుండా పోయింది. వ్యాసాల ఎంపికలో గుండె, క్యాన్సర్ మందుల ట్రయల్స్ పాలు కాస్త ఎక్కువ. నివేదికలో చెప్పినట్టు థీసిస్ అవసరాల వైపు ఇంకా మొగ్గితే, ఇప్పుడు వస్తున్న నర్సులూ ఎంఎల్‌హెచ్‌పీలూ నెమ్మదిగా జారుకుంటారు. వారు జారుకున్న సంగతి కూడా ఇప్పటి ఫారంలో కనబడదు.

ఇన్ని చెప్పినా, ఈ రెండు జిల్లాల్లో పరిశోధన చదవడం నేర్చుకోవాలనుకునే నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులకు, పనిలో ఉన్న స్టాఫ్ నర్సులకు దీన్ని సంకోచం లేకుండా సూచిస్తాను. సర్టిఫికెట్ మాత్రమే కావలసినవారికి ఇంతకన్నా సులువైన దారులు చాలా ఉన్నాయి. కొత్తగా చేరేవారు పాత రికార్డింగుల్లో ఈ-మోటివ్ చర్చతో మొదలుపెట్టి, ప్రశ్నల పేజీని పక్కన పెట్టుకొని చూస్తే మంచిది. నమోదు ఫారంలో ఇతరులు అన్న గడి పక్కన వివరం రాయడానికి ఖాళీ ఇంకా పెట్టలేదు కాబట్టి, పేరు రాసేచోటే పేరు పక్కన హోదా, పనిచేసే చోటు కూడా రాయండి. నా విద్యార్థుల చేత అలాగే రాయిస్తున్నాను.